వెళ్ళడానికి ఇరవై నిమిషాలు

"హనుమాన్ జంక్షన్ ఎక్కడికీ పోదమ్మా, అక్కడే ఉంటది," అన్నాడు అంతోని, పేపరు మడిచి టీపాయి మీద పెడుతూ.

అది ఆయన హాస్యం. కోడలు స్టెల్లా నవ్వలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో ఉన్న తడిగుడ్డని ఇంకోసారి పిండి, "అది కాదు మావయ్యగారూ, ఈ నెల రెండో శనివారం కూడా దాటిపోతే మళ్ళీ డిసెంబరే" అంది.

"డిసెంబర్లో క్రిస్మస్ సెలవులున్నాయిగా. తీరిగ్గా వెళ్ళిరా. ముప్పై ఏడు కిలోమీటర్లు. రింగు దగ్గర ఏలూరు బస్సెక్కితే గంట. దానికింత ఆలోచన దేనికి? ఈ శనివారం తిరుపతిరావు వాళ్ళని భోజనానికి పిలిచాను. మా పాత డిపో వాళ్ళే, ఐదారుగురు. నువ్వు లేకపోతే మీ అత్తయ్య ఒక్కతే చెయ్యగలదా?"

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న తెరేసమ్మ తలెత్తకుండానే, "దగ్గరేగా, ఎప్పుడైనా వెళ్దువుగాన్లే" అంది. ఆలోచించి అన్నమాట కాదది. కాయ కొన తుంచితే ఈనె ఊడొచ్చినట్టు, ఆయన మాట వెనకాల ఆమె మాట ఊడొచ్చింది. యాభై రెండేళ్ళుగా అట్లాగే వస్తోంది.

అంతోని ఆర్టీసీలో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. చివరి పన్నెండేళ్ళు విజయవాడ బస్టాండులో కంట్రోలరుగా కూర్చున్నాడు. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో, ఏ బస్సుకి ఎంతసేపో, దారిలో టీకి ఎక్కడ ఆపుతారో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ బయల్దేరే చుట్టాలందరూ ముందు ఆయనకి ఫోన్ చేసేవారు. అందుకని ఆ ఇంట్లో దూరం అనేది ఆయన సొత్తు అయిపోయింది. ఉప్పు ఎక్కువైందని తెరేసమ్మకి తెలియొచ్చు, జ్వరం ఎంతుందో చెయ్యి పెట్టి ఆమె చెప్పొచ్చు, కానీ ఫలానా చోటు దూరమా దగ్గరా అన్నది మాత్రం ఆయన చెప్పాలి. ఆమె ఎప్పుడైనా "ఉయ్యూరు ముప్పావుగంటే కదండీ" అంటే, "దూరం సంగతి నాకు చెప్పకు" అనేవాడు. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు.

స్టెల్లా తడిగుడ్డతో లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తల్లి బుల్లెమ్మకి జులైలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కాలు కొంచెం కదులుతుంది, మాట మాత్రం వారం వారం తగ్గిపోతోంది. స్టెల్లా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రెండో శనివారం తప్ప సెలవు లేదు. ఆదివారం ఉందిగా అంటారు. ఆదివారం పొద్దున్నే చర్చిలో పూజ, పూజ నుంచి రాగానే చికెను, చికెను తర్వాత గిన్నెలు, గిన్నెల తర్వాత వారానికి సరిపడా ఇస్త్రీ. భర్త యేసుకుమార్ మందుల కంపెనీ రెప్రజెంటేటివ్, వారంలో నాలుగు రోజులు బండి మీద ఊళ్ళు తిరుగుతాడు, ఉన్న రోజు అలిసిపోయి ఉంటాడు. ఆగస్టు రెండో శనివారం అంతోని పినతండ్రి పోయాడు. సెప్టెంబర్లో ఇంటికి రంగులు వేశారు. అక్టోబర్లో అంతోనికి కళ్ళు తిరిగాయి. మొన్న ఫోన్లో బుల్లెమ్మ కూతురి పేరు పూర్తిగా అనలేకపోయింది. "లా... లా..." అని ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి స్టెల్లా చాలాసేపు పిండి కలుపుతూనే ఉంది. చపాతీలు ఆ రోజు చాలా మెత్తగా వచ్చాయని యేసుకుమార్ అన్నాడు.

తెరేసమ్మకి ఇవన్నీ తెలుసు. తెలిసీ ఆ మాట అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఒక్కదానివల్ల పని కాదన్న భయం కొంత. ఇంట్లోంచి ఎవరైనా కదులుతారంటే ఇంకో భయం. కొడుకు బండి సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడుతుంది. వాడు చేరానని ఫోన్ చేసేదాకా జపమాల చేతిలోంచి దించదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రారని కాదు. వెళ్తున్నప్పుడు తాను సరిగ్గా చూడలేదని తర్వాత గుర్తొస్తుందేమోనని.

ఆ భయానికి పుట్టుక ఉంది. చెల్లెలు అమల మఠంలో చేరి, సిస్టర్ అమలమ్మ అయి, ఇరవై అయిదేళ్ళ వయసులో స్పెయిన్ దేశం వెళ్ళిపోతున్నప్పుడు మద్రాసు బండి మధ్యాహ్నం రెండున్నరకి. తెరేసమ్మ తయారై నిలబడింది. అప్పుడు అత్తగారు, "దేవుడి పనికి వెళ్ళే పిల్లని ఏడ్చి సాగనంపడం దేనికి? రేపటి ప్రార్థన కూటానికి బియ్యం ఎవరు ఏరతారు?" అంది. బియ్యం ఏరి, చాటలు గోడకి తగిలించి, రిక్షా ఎక్కి స్టేషనుకి వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద అమల లేదు, బండీ లేదు. పండ్లు అమ్ముకునే ఒకామె బుట్ట సర్దుకుంటోంది. తెరేసమ్మ ఆమె పక్కనే కాసేపు కూర్చుని ఇంటికొచ్చింది.

తర్వాత ఉత్తరాలు. తెరేసమ్మ చదివింది ఐదో తరగతి. తెలుగు చదవడం పొట్లాల కాగితాల మీదా చర్చి వాళ్ళ విచారణ పత్రిక మీదా సొంతంగా పెంచుకుంది. దొరికిన పుస్తకమల్లా చదివేది, అన్నం ఉడికే లోపల కొంత, కుళాయి నీళ్ళు నిండేలోపల కొంత. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అమల కోసమే నేర్చుకుంది. కవరు మీద అడ్రసు ఆయన్ని రాయమంటే వారం పట్టేది. అందుకని పాత కవరు ముందు పెట్టుకుని, చుక్కలు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరం దించింది. మడ్రిడ్ అన్న ఆరక్షరాలు ఆమె వేసిన మొదటి ఇంగ్లీషు ముగ్గు. ముప్పై తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు వేసిందో లెక్కలేదు. ఐదేళ్ళకోసారి అమల సెలవు మీద వచ్చేది. వచ్చిన నెలలో అక్క ఇంట్లో ఉండేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ స్పెయిన్ సిస్టర్ని చూడాలని అంతోని వైపు వాళ్ళంతా వచ్చేవారు. తెరేసమ్మ పొయ్యి దగ్గర, అమల గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూ. ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చేవి. ఉల్లిపాయలే అనుకునేవారు చూసినవాళ్ళు.

ఈ ఏడు జూన్‌లో అమల అక్కడే పోయింది. కబురు వాట్సాప్‌లో వచ్చింది.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం అంతోని నిద్రపోతున్నాడు. మూడు గంటల జపానికి తెరేసమ్మ బీరువాలోంచి గుడ్డసంచి తీసింది. నవంబరు రెండున సమాధుల పండక్కి ముందురోజు, అదే మఠానికి చెందిన ఏలూరు సిస్టర్ ఒకామె సెలవు మీద వస్తూ తెచ్చి ఇచ్చింది. అమల సామాను. ఒక జపమాల, కళ్ళజోడు, నల్లటి అట్ట ఉన్న ప్రార్థన పుస్తకం. వారం రోజులుగా విప్పడానికి ధైర్యం చాల్లేదు. ఆ రోజెందుకో విప్పింది. పుస్తకం తెరవగానే మధ్యలోంచి నాలుగు మడతల కాగితం ఒళ్ళో పడింది.

ఉత్తరమనుకుంది. కాదు, కంప్యూటర్లో తీసిన కాగితం. విమానం బొమ్మ ఉంది. మడ్రిడ్ అని ఉంది, అది ఎక్కడున్నా గుర్తుపడుతుంది. దాని ఎదురుగా ఇంకో పేరు. కూడబలుక్కుంది. లిస్... బో... ఆ. ఆఖరి అక్షరం తేడాగా ఉంది కానీ లిస్బన్ అది. ఆ ఊరు ఆమె చూసింది. కింద తేదీ. రెండు వేల పంతొమ్మిది, అక్టోబరు పద్నాలుగు.

తెరేసమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తేదీ మారలేదు.

ఆ పద్నాలుగో తేదీన తెరేసమ్మ లిస్బన్‌లోనే ఉంది. చర్చి విచారణ తరఫున నలభైమంది యాత్ర వెళ్ళారు. రోము, లూర్దు, ఫాతిమా. యేసుకుమార్ అమ్మానాన్నల్ని పంపాడు. పదమూడున ఫాతిమాలో మేరీమాత పండగ చూసుకుని రాత్రికి లిస్బన్ చేరారు. పద్నాలుగు పగలంతా ఖాళీ, రాత్రి తిరుగు విమానం. బయల్దేరడానికి వారం ముందు అమల ఫోన్ చేసింది. "అక్కా, మీరు లిస్బన్ దాకా వస్తున్నారు. ఆ ఖాళీ రోజు నేనొస్తాను" అంది. ఫోన్ స్పీకరులో ఉంది. అంతోని అందుకున్నాడు. "అమ్మా అమలా, నేను టూరు ఆయన్ని అడిగాను. మీ ఊరి నుంచి ఆరువందల పాతిక కిలోమీటర్లంట. మన సూపర్ లగ్జరీకైనా పదకొండు పన్నెండు గంటలు. రాత్రంతా కూర్చుని రావాలి, మళ్ళీ రాత్రంతా కూర్చుని పోవాలి. నీకు అసలే నడుం నొప్పి. వేరే దేశం, బోర్డరు దాటాలి. ఎందుకమ్మా ఆ అవస్థ?" అమల "కాదు బావగారూ, నేను..." అంది. ఆయన ఆపలేదు. సీటు ఎట్లా ఉంటుందో, నడుముకి ఎట్లా పట్టేస్తుందో చెప్పుకుంటూ పోయాడు. నిజంగా ఆ పిల్ల మంచికే చెప్పాడు. చివరికి ఫోన్ తెరేసమ్మ చేతికొచ్చింది. "రావద్దులేవే. మీ బావ చెప్తున్నారుగా. దూరం. వచ్చే గుణదల తిరునాళ్ళకి నువ్వే వద్దువుగాని" అంది. తర్వాత అమల, "సరే అక్కా. నీ ఇష్టం" అంది.

వచ్చే తిరునాళ్ళకి అమలకి సెలవు దొరకలేదు. ఆ వెంటనే కరోనా. తర్వాత నడుం నొప్పి అనుకున్నది నడుం నొప్పి కాదని తేలింది.

నీ ఇష్టం. తెరేసమ్మతో ఆ మాట అన్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు. పెళ్ళిలో చీర రంగు దగ్గర్నుంచి యేసుకుమార్ పేరు దాకా ఎవరూ అనలేదు. అన్న ఒక్క మనిషి అమల. అన్న ఒక్కసారీ తనకంటూ ఇష్టం ఒకటి ఉందని గుర్తు రాక, ఆయన ఇష్టాన్నే తీసి తనదని చెప్పింది.

కాగితం ఇంకోసారి చూసింది. గంటలు చదవడం ఆమెకి బాగా వచ్చు, కంట్రోలరు పెళ్ళాం కదా. మడ్రిడ్‌లో బయల్దేరేది ఏడూ ఇరవై అయిదు. లిస్బన్ చేరేది ఏడూ నలభై అయిదు. వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఇరవై నిమిషాలు. పటమట నుంచి వన్ టౌన్‌కి ఆటోలో పోతే ఇంతకన్నా ఎక్కువ పడుతుంది. కింద వరసలో తిరుగు ప్రయాణం, అదే రోజు సాయంత్రం. ఏడూ పదికి లిస్బన్‌లో బయల్దేరి తొమ్మిదీ ముప్పైకి మడ్రిడ్. రెండుగంటల ఇరవై నిమిషాలు. వెళ్ళడానికి ఇరవై నిమిషాలు, రావడానికి రెండుగంటల ఇరవై. అదే దారి, అదే విమానం. ఎట్లా కుదురుతుందో ఆమెకి అర్థం కాలేదు. కానీ వింతగా కూడా అనిపించలేదు. పెళ్ళైన కొత్తలో కంకిపాడులో అమ్మ దగ్గరికి వెళ్ళేప్పుడు బస్సు ఎక్కినట్టే ఉండేది కాదు, దిగేది. వచ్చేప్పుడు అదే బస్సు ఎంతకీ వచ్చేది కాదు.

స్టెల్లా నాలుగున్నరకి స్కూలు నుంచి వచ్చింది. చెప్పులు విప్పి, బ్యాగు కుర్చీలో పెట్టి, చీర మార్చుకోకుండానే టీకి నీళ్ళు పెట్టింది. తెరేసమ్మ కాగితం పట్టుకుని స్టవ్ పక్కకి వచ్చి నిలబడింది.

"ఇది చూడు. ఇరవై నిమిషాలేనా?"

స్టెల్లా చదివింది. తేదీ దగ్గర ఆగింది. యాత్రకి పెట్టె సర్దింది తనే కాబట్టి ఆమెకీ గుర్తుంది. "పిన్నిగారు టికెట్ కొనేశారా అత్తయ్యా?" అంది నెమ్మదిగా.

"ఆ సంగతి తర్వాత. ఇరవై నిమిషాలేనా చెప్పు."

"కాదత్తయ్యా. స్పెయిన్ గడియారం కన్నా పోర్చుగల్ గడియారం గంట వెనక నడుస్తుంది. ఇటు వెళ్ళేప్పుడు గంట కలిసొస్తుంది, అటు వచ్చేప్పుడు ఆ గంట పోతుంది. అందుకని కాగితం మీద అట్లా కనపడుతోంది." ఫోన్ తీసి ఏదో నొక్కింది. "ఇదిగో. గాలిలో ఐదువందల కిలోమీటర్లు. ఎటు వెళ్ళినా గంటా ఇరవై నిమిషాలు."

"గంటా ఇరవై," అంది తెరేసమ్మ.

"ఆఁ. అంటే..." స్టెల్లా టీపొడి వేస్తూ, పిల్లలకి లెక్క చెప్పేప్పుడు తెలిసిన ఉదాహరణ వెతికినట్టు వెతికి, "ఇక్కడ్నించి మా అమ్మ ఇంటి గుమ్మం దాకా ఎంతో అంత" అంది.

దెప్పాలని అనలేదు. అన్నాక తనకే తెలిసినట్టుంది, స్టవ్ వైపు తిరిగి మంట తగ్గించింది. టీ పొంగలేదు, తగ్గించాల్సిన పని లేదు.

తెరేసమ్మ టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. గిన్నెలో నిన్నటి చిక్కుడుకాయలు ఉన్నాయి, రేపటి కూరకి తుంచి పెట్టినవి. లిస్బన్‌లో ఆ రోజు పొద్దున ఏడూ నలభై అయిదుకి తాను ఏం చేస్తోందో గుర్తు తెచ్చుకుంది. హోటల్ కింద టిఫిన్ల దగ్గర ఆయన ప్లేటులో రొట్టెకి వెన్న రాస్తోంది. తర్వాత అందరూ ఊరు చూడ్డానికి వెళ్ళారు. ఆయన మోకాళ్ళు పట్టేశాయని గదిలోనే ఉండిపోయాడు. ఒక్కడే ఎట్లా ఉంటాడని ఆమె కూడా ఉంది. ఆయన నిద్రపోతుంటే బాత్రూములో చేతులు కడుక్కునే సింకులో ఆయన బనియన్లూ సాక్సూ ఉతికింది. ఆరేయడానికి తాడు లేక, జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పట్టుకుని ఒక్కోటీ ఆరబెట్టింది. ఆ దేశంలో ఆమె చేసిన పని అది. ఏడూ నలభై అయిదు నుంచి సాయంత్రం ఏడూ పది దాకా ఎంతసేపో వేళ్ళ మీద లెక్కపెట్టింది. విమానాశ్రయంలో అటో గంట, ఇటో రెండు గంటలు పోయినా ఎనిమిది గంటలు మిగిలేవి. పెళ్ళైన తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరూ మధ్యలో పొయ్యి లేకుండా ఎనిమిది గంటలు ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చునేవారు. ఏదో బెంచీ మీద. ఏం మాట్లాడుకునేవారో ఎంత ఆలోచించినా ఆమెకి తట్టలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

కాదు బావగారూ, నేను టికెట్ కొన్నాను. ఆ వాక్యం పూర్తికావడానికి ఆరేళ్ళు పట్టింది.

అంతోని లేచి ముఖం కడుక్కుని వచ్చాడు. స్టెల్లా టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. తెరేసమ్మ కాగితం పుస్తకంలో పెట్టేసి, మామూలుగా అడిగింది.

"ఏవండీ, మడ్రిడ్ నుంచి లిస్బన్ ఎంత దూరం?"

"ఆరువందల పాతిక," అన్నాడు వెంటనే. ఒకసారి విన్న దూరం ఆయన మర్చిపోడు. "ఇప్పుడెందుకు?"

"విమానంలో ఎంతసేపో?"

ఆయన కప్పు దించాడు. "విమానం సంగతి నాకేం తెలుసు? నా లెక్క రోడ్డు లెక్క."

"ఆ రోజు మీరు విమానం అనుకోలేదా?"

"ఎవరనుకుంటారే? ఊరు నుంచి ఊరికి బస్సేగా. నువ్వు మాత్రం అడిగావా విమానం ఉందా అని?" టీ తాగి, మళ్ళీ ఏదో తోచినట్టు ఆమె ముఖం వైపు చూశాడు. "ఏంటి, అమల గుర్తొచ్చిందా?" అన్నాడు. గొంతులో మంచితనమే ఉంది. "ఏం చేస్తాం. దూరాభారం."

అడగలేదు. అది నిజం. తెరేసమ్మకి ఆయన మీద కోపం రాలేదు, వస్తే బాగుండనిపించింది. కోపం వస్తే కొంతైనా ఆయన మీద పెట్టి తేలికపడేది. ఆయన చెప్పిన అంకెలో తప్పు లేదు. ఆ అంకెని అమల నోటికి అడ్డంగా పెట్టింది తాను. అత్తగారు ఆనాడు బియ్యం చాట ముందు పెట్టినట్టే. అంతటితో అయిపోయిందా అంటే, నిన్న సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని ఇంకో పిల్లతో దగ్గరేగా అంది. అమలకి దూరమని వద్దంది. స్టెల్లాకి దగ్గరని ఆగమంది. దూరమైతే ఎందుకంటారు, దగ్గరైతే తొందరేముందంటారు. ఆడపిల్ల బయల్దేరడానికి సరిపోయే దూరం ఈ భూమ్మీద ఎన్ని కిలోమీటర్లో ఏ కంట్రోలరూ చెప్పడు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"రేపు పొద్దున నువ్వు వెళ్తున్నావు," అంది స్టెల్లాతో.

"మావయ్యగారు?"

"నేను చూసుకుంటా."

"ఆరుగురికి వంట అత్తయ్యా. మీవల్ల కాదు."

"ఒక కూర తగ్గుద్ది. తిరుపతిరావు గారు చిక్కుడుకాయ తినకపోతే పోయేదేం లేదు."

స్టెల్లా ఆమె వైపు చూసింది. నవ్వాలో వద్దో తెలియనట్టు పెదవి కొరుక్కుని, "సాయంత్రానికి వచ్చేస్తా" అంది.

"నేనడిగానా?" అంది తెరేసమ్మ.

శనివారం పొద్దున అంతోని నడకకి వెళ్ళి, అటునుంచి చేపలు తేవడానికి మార్కెట్‌కి పోయాడు. తెరేసమ్మ స్టెల్లాతో పాటు ఆటో ఎక్కి రామవరప్పాడు రింగు దాకా వచ్చింది. బస్సెక్కించి వెనక్కి వెళ్ళి వంట మొదలుపెట్టాలని ఆమె ఉద్దేశం. చేతిలో గుడ్డసంచి ఒక్కటే ఉంది. దాంట్లో ప్రార్థన పుస్తకం, పర్సు, ఫోను. ఏలూరు బస్సు రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ స్టెల్లా తల్లి కోసం తీసుకున్న బత్తాయిల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉంది.

బస్సు ఆగింది. స్టెల్లా ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం జరిపి చెయ్యి బయటికి పెట్టింది. "వెళ్ళొస్తా అత్తయ్యా, మీరు ఆటో ఎక్కండి" అంది. తెరేసమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్ళకి ఇంకా పొద్దుటి పిండి ఉంది. ఇప్పుడు బస్సు కదులుతుంది, తాను ఇక్కడ నిలబడుతుంది, బస్సు నిడమానూరు వైపు చిన్నదైపోయేదాకా చూస్తుంది, తర్వాత వెళ్ళి బియ్యం కడుగుతుంది. ఎవరు వెళ్ళినా తాను చేసేది ఇదే. జీవితమంతా బస్సుకి కింద నిలబడే చేసింది.

"ఎక్కుతావా మామ్మా, పోనివ్వమంటావా?" అన్నాడు కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి.

"ఎక్కుతా," అంది తెరేసమ్మ.

మోకాలు సహకరించలేదు. కండక్టరు మోచెయ్యి పట్టి లాగాడు. స్టెల్లా లేచి నిలబడి, "అత్తయ్యా, ఇదేంటి, వంట" అంది.

"జరుగు," అంది తెరేసమ్మ. కూర్చుని, ఆయాసం తీర్చుకుని, "మీ అమ్మని చూసి నాకూ చాలా రోజులైంది" అంది.

ఆడవాళ్ళకి టికెట్ ఊరికే ఇస్తున్నారని పేపర్లో చదివింది కానీ ఆమె ఎక్కడం ఇదే మొదటిసారి. పర్సులోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. కండక్టరు సున్నా ఉన్న టికెట్ చింపి ఇచ్చాడు. దాన్ని ప్రార్థన పుస్తకంలో, నాలుగు మడతల కాగితం పక్కన పెట్టింది. బస్సు గూడవల్లి దాటింది. గ్యాస్ కట్టానా లేదా అని రెండుసార్లు స్టెల్లాని అడిగింది. చేపలు తెచ్చి ఆయన ఎక్కడ పెడతాడో, పిల్లి వస్తుందేమో అనుకుంది. గన్నవరంలో ఎయిర్‌పోర్టు గోడ పక్కనుంచి పోతుంటే ఆరేళ్ళ కిందట ఇక్కడే యాత్రకి విమానం ఎక్కానని గుర్తొచ్చి, తల అటు తిప్పుకుని, గోడ అయిపోయేదాకా చూసింది. స్టెల్లా ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

తేలప్రోలు దగ్గర ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? గేటుకి తాళం ఉంది. చేపలు పట్టుకుని వీధిలో నిలబడ్డా."

"తాళం చెవి పక్కింటి వాళ్ళ దగ్గర ఉందండీ. నేను స్టెల్లాతో హనుమాన్ జంక్షన్ వెళ్తున్నా. బుల్లెమ్మ గారిని చూడ్డానికి."

"ఇవాళా? తిరుపతిరావు వాళ్ళు పన్నెండింటికల్లా వస్తారే."

"బియ్యం డబ్బాలో ఉన్నాయి. చిక్కుడుకాయలు తుంచి ఫ్రిజ్‌లో పెట్టా. వాళ్ళూ మీరూ కలిసి డిపోలో వండుకునేవాళ్ళమని చెప్తారుగా."

"ఎప్పుడొస్తారు?"

తెరేసమ్మ కిటికీలోంచి చూసింది. స్టెల్లా కూడా జవాబు కోసం ఆమె వైపే చూస్తోంది.

"వెళ్ళడానికి ఇరవై నిమిషాలండీ," అంది. "రావడానికి ఎంత పడుద్దో చెప్పలేను."

"ఇరవై నిమిషాలేంటే, మతిపోయిందా? ముప్పై ఏడు కిలోమీటర్లు. రింగు నుంచి గంట. దూరం సంగతి నాకు చెప్తావా?"

"అది రోడ్డు లెక్కండీ," అంది తెరేసమ్మ.